పరుపు అంటుకున్నాక మూడు నిమిషాలు: లాడ్జి గదిలో మంట లెక్క

ఎక్కడ అగ్నిప్రమాదం జరిగినా మర్నాటి వార్తల్లో ముందుగా కనిపించే మాట షార్ట్ సర్క్యూట్. నిప్పు ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకు అది సరైన జవాబే కావచ్చు. అయితే ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న వేరు: పుట్టిన నిప్పు గదిని ఎంతసేపట్లో ఆక్రమించింది, ఎందుకు ఆక్రమించగలిగింది? ఏ తీగ దగ్గర, ఏ రాత్రి నిప్పు రాజుకుంటుందో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు. రాజుకున్న తర్వాత గదిలో ఏం జరుగుతుందో మాత్రం చాలావరకు ముందే లెక్కకట్టవచ్చు. గది కొలతలు, గుమ్మం కొలత, పరుపు దేనితో చేసిందన్న వివరం ఉంటే ఆ లెక్క ఒక కాగితం మీద పూర్తవుతుంది. యాత్రికుల గదులే జీవనాధారమైన తిరుపతి లాంటి ఊళ్లో ఈ లెక్క అందరికీ తెలిసి ఉండాలి.

బస్టాండు, రైల్వే స్టేషను, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల లాడ్జీల్లో మామూలుగా కనిపించే గదినే తీసుకుందాం. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున శ్లాబు. మంచం మీద ఫోమ్ పరుపు, పక్కన ప్లైవుడ్ అలమర, గోడకు టీవీ, ఏసీ, కిటికీకి పాలియెస్టర్ కర్టెన్. కుటుంబంలో ఆరుగురు ఉంటే కౌంటర్‌లో అడిగి తెప్పించుకున్న అదనపు పరుపులు రెండు నేలమీద. సంచులు, సూట్‌కేసులు తలుపు వెనక. అలిపిరి నుంచి నడిచి కొండెక్కి, గంటల తరబడి క్యూలో నిలబడి తిరిగి వచ్చినవాళ్లు పట్టపగలు కూడా గాఢనిద్రలో ఉంటారు. భవనం వాళ్లకు కొత్త. వరండాలో దీపాలు ఆరిపోతే మెట్లు ఎడమవైపా, కుడివైపా అన్నది గుర్తుండదు.

మంట ఎంత ప్రమాదకరమో చెప్పడానికి దాని ఉష్ణోగ్రత కంటే బాగా పనికొచ్చే కొలత ఒకటి ఉంది. ఒక్కో సెకనుకు అది ఎంత వేడిని విడుదల చేస్తోంది అన్నది. దీన్ని కిలోవాట్లలో లెక్కిస్తారు. కాగితాలున్న చిన్న చెత్తబుట్ట అంటుకుంటే 50 నుంచి 100 కిలోవాట్ల దాకా వస్తుంది. ఫోమ్ సోఫా పూర్తిగా రగిలితే 2,000 కిలోవాట్లు, అంటే 2 మెగావాట్లు దాటుతుంది. మండుతున్న సోఫాను నేరుగా ఇలా కొలవడం ఒకప్పుడు సాధ్యమయ్యేది కాదు. ఏ ఇంధనం మండినా, ఖర్చయ్యే ఒక్కో కిలో ఆక్సిజన్‌కు దాదాపు 13.1 మెగాజౌళ్ల (ఒక మెగావాట్ మంట ఒక సెకనులో ఇచ్చే వేడి ఒక మెగాజౌల్) వేడి వెలువడుతుందన్న సూత్రం ఈ పరిశోధనకు దారి తీసింది. 1917లో థార్న్‌టన్ గమనించిన ఈ విషయాన్ని 1980లో హగెట్ అగ్నిప్రమాదాల కొలతలకు అన్వయించారు. పొగగొట్టంలో తగ్గిన ఆక్సిజన్‌ను కొలిస్తే కింద మండుతున్న వస్తువు శక్తి తెలిసిపోతుంది. సోఫాలు, పరుపులు, కుర్చీలు ఒక్కొక్కటి ఎలా మండుతాయన్న సమాచారమంతా ఇలా పోగైనదే.

ఆ కొలతల్లో తేలిన ముఖ్యమైన సంగతి మంట పెరిగే తీరు. తొలిదశలో మంట శక్తి కాలం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. సమయం రెట్టింపయితే మంట నాలుగు రెట్లవుతుంది, సమయం మూడింతలయితే తొమ్మిది రెట్లవుతుంది. సుమారు ఒక మెగావాట్‌కు చేరే వ్యవధిని బట్టి ఇంజనీర్లు మంటలను నాలుగు తరగతులు చేశారు: 600 సెకన్లు పడితే నిదానం, 300 అయితే మధ్యమం, 150 అయితే వేగం, 75 అయితే అతివేగం. ఫోమ్ పరుపు సాధారణంగా వేగం తరగతిలోకి వస్తుంది. మొదటి నిమిషం చివర అది 170 కిలోవాట్ల దగ్గరే ఉంటుంది. చూసినవాళ్లకు దుప్పటితో కొట్టి ఆర్పేయవచ్చనిపిస్తుంది. రెండో నిమిషం చివరికి 675 కిలోవాట్లు. మూడో నిమిషం చివరికి 1,500. మొదటి నిమిషంలో కళ్లకు కనిపించిన మంటను బట్టి మూడో నిమిషాన్ని ఊహించుకోవడమే చాలామందిని బలి తీసుకుంటోంది.

దగ్గరగా చూస్తే పరుపు మంట ఇలా నడుస్తుంది. దిండు పక్కన పెట్టిన ఛార్జర్ వేడెక్కి దుప్పటి అంచు అంటుకుందనుకుందాం. పైగుడ్డ చిరిగినట్లు విచ్చుకుంటుంది. దాని కింది ఫోమ్ మండడానికి ముందే ముడుచుకుని, కరిగి, గుంటపడుతుంది. కరిగిన ఫోమ్ చుక్కలు చుక్కలుగా మంచం కిందికి జారి నేలమీద మడుగు కట్టి మండడం మొదలవుతుంది. ఇప్పుడు పరుపుకు పైన ఒక మంట, కింద ఒక మంట. కింది మంట ప్లైవుడ్ చెక్కను, పరుపు అడుగు భాగాన్ని కాలుస్తుంటే వేగం ఒక్కసారిగా మారిపోతుంది. ఒక మెగావాట్ దగ్గర మంట కొస శ్లాబును తాకుతుంది. మంచం గోడ మూలకు ఆనుకుని ఉంటే ఇంకా ముందే తాకుతుంది. మూలలో మంటకు రెండువైపులనుంచి గాలి అందదు. కలవాల్సిన గాలి కోసం అది మరింత పైకి సాగుతుంది.

ఈలోగా గది పైభాగంలో మరో పని జరుగుతూ ఉంటుంది. వేడి పొగ శ్లాబు కింద పరుచుకుని, గోడల దాకా వెళ్లి, పోయే దారి లేక పొరలా మందమెక్కుతూ కిందికి దిగుతుంది. ఆ పొర 500 నుంచి 600 డిగ్రీలకు చేరేసరికి అదే పెద్ద పొయ్యిలా కిందికి సెగ కొడుతుంది. నేలమీద ఒక్కో చదరపు మీటరుకు దాదాపు 20 కిలోవాట్ల సెగ పడుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం తిరుపతి ఎండ చదరపు మీటరుకు ఒక కిలోవాట్ ఉంటుంది. అలాంటి ఎండలు ఇరవై ఒకేసారి పడితే ఎంతో, ఆ సెగ అంత. మంట తాకకపోయినా నేలమీది రెండో పరుపు, కుర్చీ, కర్టెన్, సంచులు పొగలు కక్కి, ఆ పొగలే అంటుకుంటాయి. అప్పటిదాకా గదిలో ఒక వస్తువు మండుతోంది, ఇప్పుడు గదే మండుతోంది. అగ్నిమాపక సిబ్బంది దీన్నే ఫ్లాష్‌ఓవర్ అంటారు. ఈ దశ దాటిన గదిలో ఉన్న మనిషి బతికే అవకాశం లేదు. అందుకే ఈ అంచనాలన్నీ దీని చుట్టూ తిరుగుతాయి.

ఫ్లాష్‌ఓవర్‌కు ఎంత మంట కావాలో చెప్పే సూత్రాలు చాలానే ఉన్నా బ్రిటన్ శాస్త్రవేత్త థామస్ ఇచ్చినది చేతిలెక్కకు అనువుగా ఉంటుంది. గోడలు, నేల, శ్లాబు మొత్తం వైశాల్యాన్ని చదరపు మీటర్లలో తీసుకుని 7.8తో గుణించాలి. గుమ్మం వైశాల్యాన్ని దాని ఎత్తు వర్గమూలంతో గుణించి, దాన్ని 378తో గుణించాలి. రెండూ కలిపితే కావలసిన కిలోవాట్లు వస్తాయి. మొదటి భాగం గోడలు పీల్చుకునే వేడి, రెండో భాగం గుమ్మం గుండా బయటికి పోయే వేడి. మన గదికి గోడలూ శ్లాబూ నేలా కలిపి 59 చదరపు మీటర్లు, మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న గుమ్మం. లెక్క వేస్తే వచ్చేది సుమారు 1,500 కిలోవాట్లు. మరో శాస్త్రవేత్త బాబ్రౌస్కాస్ ఇచ్చిన సూత్రం గోడలను పక్కనపెట్టి గుమ్మాన్నే చూస్తుంది, అది సుమారు 2,050 అంటుంది. ఫోమ్ పరుపు వేగంతో పెరిగే మంట ఈ రెండు అంకెలను మూడు నిమిషాలకు ఒకటి, మూడున్నర నిమిషాలకు ఒకటి అందుకుంటుంది. సూత్రాలు వేరైనా వ్యవధిలో తేడా అర నిమిషమే.

తలుపు పూర్తిగా తెరిచి ఉందన్న ఊహతో వచ్చిన జవాబు ఇది. తలుపును కాస్త కదిపి చూస్తే లెక్క ఎటు మళ్లుతుందో చాలామంది ఊహించలేరు.

మొదట తలుపు, కిటికీ రెండూ మూసేద్దాం. ఏసీ గది కాబట్టి అది మామూలే. ఈ గదిలో ఉన్న గాలి 32 ఘనపు మీటర్లు. అందులోని ఆక్సిజన్ పూర్తిగా ఖర్చయితే 115 మెగాజౌళ్లకు కొంచెం పైగా వేడి పుడుతుంది. ఒక సింగిల్ ఫోమ్ పరుపు నాలుగున్నర కిలోలు తూగితే, అది పూర్తిగా కాలినప్పుడు వచ్చేది కూడా దాదాపు అంతే. అయితే ఆక్సిజన్ 21 శాతం నుంచి 15 శాతం దగ్గరికి పడిపోగానే మంట నిలబడలేదు. అంటే వాడుకోగలిగేది మూడో వంతుకు అటూ ఇటూ, ఒకటిన్నర కిలోల ఫోమ్ కాలేంత. ఆ మేరకు కాలడానికి రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ పడుతుంది. అప్పటికి మంట ఫ్లాష్‌ఓవర్‌కు కావలసిన దానిలో సగం దాటి ఉంటుంది. అక్కడ దానికి ఊపిరాడదు. మూసిన గదిలో మంట చాలాసార్లు గదిని మింగే ముందే తనంతట తాను కుంటుపడుతుంది.

ఇప్పుడు తలుపు ఒక్క అడుగు మాత్రమే తెరిచి ఉందనుకుందాం. గాలి తగ్గింది కదా, మంట నెమ్మదిస్తుందనిపిస్తుంది. థామస్ సూత్రం తిరగబడిన జవాబిస్తుంది. సన్నని సందులోంచి బయటికి పోయే వేడి కూడా తగ్గుతుంది కాబట్టి ఫ్లాష్‌ఓవర్‌కు 820 కిలోవాట్లు చాలు. ఆ సందు లోపలికి రానిచ్చే గాలి మాత్రం 1,370 కిలోవాట్ల మంటను పోషించగలదు. మూడు నిమిషాలు రెండున్నరకు లోపే ముగుస్తాయి. పూర్తిగా మూసిన తలుపు మంటకు ఊపిరి సలపనివ్వదు. ఓరగా వదిలిన తలుపు వేడిని దాచి, గాలిని అందిస్తుంది. గదిలోంచి పరుగెత్తే మనిషి వెనక తలుపు లాగి వేయడానికి పట్టే ఒక్క సెకను ఈ లెక్కల్లోకెల్లా పెద్ద అంకె అనడంలో అతిశయోక్తి లేదు.

మూసిన గదికి వేరే ప్రమాదం ఉంది. కుంటుపడిన మంట చల్లారిపోలేదు. పరుపు ఇంకా వేడిగా ఉంది, మండని వాయువులు గదినిండా ఉన్నాయి, గాలి ఒక్కటే లేదు. వాసన పట్టి వచ్చిన రూమ్ బాయ్ మాస్టర్ తాళంచెవితో తలుపు తీస్తే ఆ లోటు తీరిపోతుంది. కొద్ది క్షణాల్లో మంట గుమ్మంలోంచి బయటికి ఎగదన్నుతుంది. తలుపు మీద అరచేతి వెనకభాగం ఆనించి చూడాలని, వేడిగా ఉంటే తీయరాదని, సందుల్లోంచి పొగ బయటికి వచ్చి మళ్లీ లోపలికి లాక్కుంటున్నట్లు కనిపిస్తే దూరం జరగాలని అగ్నిమాపక శిక్షణలో నేర్పుతారు. లాడ్జీల్లో ఈ శిక్షణ అందరికంటే ముందు కావలసింది రూమ్ బాయ్‌కే. తాళంచెవి అతని చేతిలోనే ఉంటుంది.

ఫ్లాష్‌ఓవర్ తర్వాత లెక్క మారుతుంది. అక్కడినుంచి గదిలో ఎన్ని వస్తువులున్నాయన్నదాని కంటే ఎంత గాలి వస్తోందన్నదే మంటను నడిపిస్తుంది. జపాన్‌కు చెందిన కవాగోయే 1950ల్లో దీన్ని సూత్రంగా చేశారు. దాని ప్రకారం మన గుమ్మం నిమిషానికి 15 కిలోల కట్టె కాలేంత గాలిని లోపలికి లాగుతుంది, అంటే సుమారు 4 మెగావాట్ల మంట. లోపల గాలి చాలక మండకుండా మిగిలిన వాయువులు వరండాలోకి వచ్చి, అక్కడి గాలితో కలిసి అక్కడే మండుతాయి. అదనపు పరుపులు ఈ దశలో గదిలోని మంటను పెంచవు. ఎక్కువసేపు మండిస్తాయి, ఎక్కువ పొగను బయటికి నెడతాయి.

చావులు ఎక్కువగా ఆ పొగ వల్లే. గాలి చాలక మండే మంట కార్బన్ మోనాక్సైడ్‌ను విపరీతంగా వదులుతుంది. పీల్చే గాలిలో అది నూటికి ఒక వంతుంటే మనిషి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పుతాడు. ఫోమ్‌లో నైట్రోజన్ ఉంటుంది కాబట్టి హైడ్రోజన్ సయనైడ్ కూడా తోడవుతుంది. నిద్రలో ఉన్నవారిని పొగ వాసన లేపుతుందన్న నమ్మకాన్ని పట్టుకుని కూర్చోవడం ప్రమాదకరం. మెలకువ రాకుండానే స్పృహ పోయినవాళ్లెందరో. 2011 డిసెంబరులో కోల్‌కతాలోని ఏఎంఆర్ఐ ఆసుపత్రిలో మంట సెల్లార్‌లో పుట్టింది, దాదాపు 90 మంది చనిపోయింది మాత్రం పై అంతస్తుల్లో, పొగతో. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో అంటుకున్న మంటల పొగ మెట్లదారిలో పైకి ఎగసి, పైనున్న లాడ్జిలో ఎనిమిది మంది ప్రాణాలు తీసింది. మన లెక్కలో గదికి గుమ్మం ఎలాగో, భవనానికి మెట్లదారి అలాగే పనిచేస్తుంది. కింద రగిలినది పైకి పోయే దారి అదొక్కటే. పైవాళ్లు దిగిరావలసిన దారి కూడా అదే కావడం మన భవనాల విషాదం.

పాతకాలం గదులు సురక్షితమని చెప్పడానికి లేదు. దూది పరుపుమీద బీడీ పడితే మంట లేకుండా గంటలకొద్దీ లోలోపల రాజుకుంటూ కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. అయినా దూది, కట్టె కిలోకు 17 మెగాజౌళ్ల వరకు ఇస్తే ఫోమ్ 25 దాకా ఇస్తుంది, అదీ చాలా త్వరగా. అమెరికాలో భద్రతా పరీక్షలు చేసే యూఎల్ సంస్థ పాతకాలపు సామాన్లతో ఒక గది, నేటి సామాన్లతో ఒక గది అమర్చి ఒకేలా నిప్పంటించి చూసింది. నేటి గది నాలుగు నిమిషాల లోపే ఫ్లాష్‌ఓవర్‌కు చేరింది. పాత గదికి దాదాపు అరగంట పట్టింది. మంట గురించి పెద్దవాళ్లకున్న అనుభవమంతా ఆ అరగంట కాలానిది. నీళ్లు తెచ్చి పోయడానికి, బీరువాలోంచి కాగితాలు తీసుకోవడానికి అప్పట్లో వ్యవధి ఉండేది. ఇప్పుడు లేదు.

గోడల మాట కూడా చెప్పాలి. ఇటుక, కాంక్రీటు చాలా వేడిని పీల్చుకుంటాయి, ఆ మేరకు మంటను ఆలస్యం చేస్తాయి. ఈ ఒక్క విషయంలో మన కట్టడాలు మేలు. అయితే ఈమధ్య గదిని అందంగా చూపించడానికి మంచం తలాపున ప్లైవుడ్, గోడలకు ప్లాస్టిక్ పలకలు, పైన పీవీసీ సీలింగ్ బిగిస్తున్నారు. వేడిని పీల్చుకునే గోడను మండే పలకతో కప్పేస్తే రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. పలక వేడిని గదిలోకే తిప్పికొడుతుంది, తర్వాత అదీ అంటుకుంటుంది. నిలువు గోడమీద పైకి పాకే మంట, నేలమీద పక్కకు పాకే మంట కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. అద్దెకిచ్చే పరుపులను మెట్ల కింద నిలబెట్టి ఒకదానికొకటి ఆనించి ఉంచే అలవాటు కూడా ఇందుకే భయపెడుతుంది. నిలబెట్టిన ఫోమ్, మూల, పైన మెట్లదారి: మంటకు కావలసినవన్నీ ఒకే చోట కుదురుతాయి.

ఇంత కచ్చితంగా చెప్పగలిగితే కంప్యూటర్‌లో ప్రతి గదినీ ముందే కాల్చి చూడవచ్చు కదా? చూస్తున్నారు కూడా. గదిని పైన వేడి పొర, కింద చల్లని పొర అని రెండుగా విడదీసి లెక్కించే సీఫాస్ట్, గదిని లక్షల చిన్న గడులుగా చేసి ఒక్కో గడిలో గాలి కదలికను లెక్కించే ఎఫ్‌డీఎస్, రెండూ అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్ఐఎస్‌టీ ఉచితంగా ఇస్తున్నవే. అయినా వీటి హద్దు తెలిసి ఉండాలి. 2006లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో, డాల్మార్నాక్ అనే చోట, కూల్చివేతకు సిద్ధమైన బహుళ అంతస్తుల భవనంలో ఒక ఫ్లాటును నిజమైన సోఫా, పుస్తకాలు, బల్లలతో అమర్చి కాల్చారు. గది కొలతలు, సామాన్ల వివరాలు ముందే ఇచ్చి, ఏం జరుగుతుందో చెప్పమని పలు నిపుణ బృందాలను అడిగారు. గది ఐదు నిమిషాల ప్రాంతంలో ఫ్లాష్‌ఓవర్‌కు చేరింది. బృందాల జవాబులు ఒకదానికొకటి ఎంతో దూరంగా వచ్చాయి. గాలి కదలిక లెక్కల్లో దోషం కంటే, సోఫా ఎంత వేగంగా మండుతుందని ఎవరికి వారు ఊహించుకున్నారన్న దగ్గరే ఎక్కువ తేడా వచ్చింది. జరిగిపోయిన ప్రమాదాన్ని కంప్యూటర్‌లో తిరిగి నడిపించి సరిపోయిందని చూపడం తేలిక. జరగబోయేదాన్ని నిమిషాల లెక్కన చెప్పడం కష్టం.

ఈ ఫలితం చూసి అంచనా కట్టడమే దండగ అనుకుంటే పొరపాటు. ఒకే నిమిషాన్ని పట్టుకుని భరోసా పడకూడదన్నదే దాని అర్థం. మన గదికి మధ్యమ వేగం తీసుకుంటే ఆరు నిమిషాలు, వేగం తీసుకుంటే మూడు, అతివేగమైతే ఒకటిన్నర. నిద్రపోతున్న మనుషులున్న భవనానికి ప్రణాళిక వేసేటప్పుడు మూడు కంటే ఎక్కువ తీసుకునే హక్కు ఎవరికీ లేదు. ఆ మూడు నిమిషాలకు ఎదురుగా అవతలి లెక్క పెట్టాలి: ఎవరైనా గమనించడానికి ఎంత, నిద్రలేవడానికి ఎంత, పిల్లలను ఎత్తుకుని మెట్లు వెతుక్కోవడానికి ఎంత. పొగను పసిగట్టే అలారం లేని గదిలో మొదటి అంకెకే మూడు నిమిషాలు చాలవు. స్ప్రింక్లర్ ఉంటే కథ వేరు. మామూలుగా వాడే ఎర్రని గాజు గుళిక 68 డిగ్రీలకు పగిలి, మంట ఇంకా చిన్నగా ఉండగానే నీళ్లు చల్లుతుంది.

ఫైరింజన్ ఈ లెక్కలోకి రాదు. 101కు ఫోన్ చేసి చిరునామా చెప్పేసరికే ఒక నిమిషం గడుస్తుంది. 2023 జూన్‌లో గోవిందరాజస్వామి ఆలయం దగ్గర ఫొటోఫ్రేముల దుకాణమున్న బహుళ అంతస్తుల భవనం అంటుకున్నప్పుడు తిరుపతి ప్రజలంతా చూశారు. చెక్క, ప్లాస్టిక్, రసాయనాలు నిండిన భవనం, పక్కనే భక్తుల రద్దీ, ఇరుకు వీధి. సిబ్బంది ఎంత చురుగ్గా కదిలినా వాళ్లు చేయగలిగేది మంట పక్కవాటికి పాకకుండా ఆపడమే. మొదటి గదిలోని మనుషుల సంగతి వాళ్లు బయల్దేరే ముందే తేలిపోతుంది.

కాబట్టి తనిఖీకి వెళ్లే అధికారి అయినా, గది తీసుకునే యాత్రికుడైనా మొదట చూడవలసినవి మంటలార్పే సిలిండర్లూ గోడమీది ధ్రువపత్రాలూ కావు. గది తలుపు వదిలేస్తే దానంతట అది మూసుకుంటుందా? మెట్లకూ వరండాకూ మధ్య తలుపు ఉందా, ఉంటే దాన్ని ఇటుక పెట్టి తెరిచి ఉంచారా? మెట్ల కింద ఏం నిల్వ చేశారు? సెల్లార్‌లో స్కూటర్లు ఛార్జ్ చేస్తున్నారా? మంచం తలాపున, శ్లాబు కింద ఏ పలకలు బిగించారు? కిటికీ ఊచలు లోపలినుంచి తెరుచుకుంటాయా? తలుపు దానంతట అది మూసుకునేలా స్ప్రింగు ఒక్కటి అమర్చడానికి అయ్యే ఖర్చు ఒక గది ఒకటి రెండు రోజుల అద్దెకు మించదు.